ఇ-ఇంక్ పరికరంతో ఫోన్ చూసే సమయం నిజంగా తగ్గుతుందా?

ఫోన్ చూసే సమయాన్ని తగ్గించుకోవడానికి ఇ-ఇంక్ పరికరం, అంటే అచ్చు కాగితంలా కనిపించే తెర ఉన్న పరికరం కొనవచ్చా, కొంటే ఏ రకం మంచిది అని మీరు అడిగారు. పుస్తకాలు చదివే ఇ-రీడర్‌ను, చేతిరాతతో నోట్స్ రాసుకునే ట్యాబ్లెట్‌ను, ఆండ్రాయిడ్‌తో నడిచే ఇ-ఇంక్ పరికరాన్ని కొన్నేళ్లుగా వాడుతున్నాను కాబట్టి నా అనుభవం నుంచి చెబుతున్నాను. ప్రయోజనం తప్పకుండా ఉంది. అయితే అందులో కంటికి హాయినిచ్చే తెర వల్ల కలిగేది కొంతే, ఆ పరికరం చేయలేని పనుల వల్ల కలిగేదే ఎక్కువ.

ఈ తెర పనిచేసే తీరు తెలిస్తే ఆ మాట ఎందుకన్నానో అర్థమవుతుంది. తెరలో వెంట్రుక మందమంత సూక్ష్మ గుళికలు ఉంటాయి, వాటిలోని ద్రవంలో పరస్పర విరుద్ధమైన విద్యుదావేశం గల తెల్లని, నల్లని కణాలు ఉంటాయి. విద్యుత్ ప్రయోగించినప్పుడు ఏ కణాలు పైకి వస్తే ఆ రంగే మనకు కనిపిస్తుంది. ఒకసారి ఏర్పడిన పేజీ అలాగే నిలిచి ఉండడానికి విద్యుత్ అక్కరలేదు కనుక, ఒక్కసారి ఛార్జి చేస్తే ఇ-రీడర్ వారాల తరబడి పనిచేస్తుంది. కానీ కణాలు ద్రవంలో ఈదుకుంటూ స్థానం మారాలి కాబట్టి తెర నెమ్మదిగా స్పందిస్తుంది, వెనుకటి పేజీ మరకలు లీలగా మిగులుతాయి, వాటిని తుడిచేయడానికి తెర అప్పుడప్పుడు ఒక్కసారిగా నల్లబడి మళ్లీ తెల్లబడుతుంది. 2004లో సోనీ లిబ్రియె, 2007లో కిండిల్ అనే ఇ-రీడర్లు వచ్చిన నాటి నుంచి వేగం ఎంతో మెరుగుపడినా ఈ స్వభావం మాత్రం పోలేదు. చాలామంది లోపంగా చెప్పే ఈ నెమ్మదితనమే మీ ఉద్దేశానికి అనుకూలం, ఎందుకంటే వేలితో తోస్తూ ఎడతెగకుండా చూసుకుంటూ పోయే అలవాటుకు ఆ తెర సహకరించదు.

ఆండ్రాయిడ్ పరికరం విషయంలో నేను మిమ్మల్ని గట్టిగా హెచ్చరిస్తాను. అందులో ఏ యాప్‌నైనా వేసుకోవచ్చు కాబట్టి అన్ని పనులకూ ఒకే పరికరం సరిపోతుందన్న ఆశ కలుగుతుంది. రంగులు లేకపోవడం వల్ల ఫొటోలు, వీడియోల ఆకర్షణ తగ్గే మాట నిజమే గానీ, వార్తలు, చర్చలు, సందేశాలు ప్రధానంగా అక్షరాలే కనుక అవి ఈ తెర మీద మరింత హాయిగా కనిపిస్తాయి. పైగా తెర వేగంగా మారేలా చేసే అమరికలు (రిఫ్రెష్ మోడ్‌లు) కూడా ఉండడంతో, ఫోన్‌లో గడిపే సమయమే ఈ పరికరంలోకి మారుతుంది తప్ప తగ్గదు. నా పరికరంలో ఇప్పుడు చదువుకునే యాప్‌లు తప్ప మరేవీ లేవు. అంత నిగ్రహం రోజూ పాటించడం కష్టమనిపించేవారికి యాప్ స్టోర్ లేని ఇ-రీడరే మేలు.

నా విషయంలో అసలైన మార్పు రాత్రివేళ వచ్చింది. ఫోన్‌ను వేరే గదిలో ఛార్జింగ్‌కు పెట్టి, మంచం పక్కన ఇ-రీడర్‌ను ఉంచుకోవడం మొదలుపెట్టాక నిద్రకు ముందు సమయం పూర్తిగా పుస్తకానిదే అయింది. తెలియని పదం ఎదురైతే నిఘంటువు అందులోనే ఉంటుంది కనుక ఫోన్ కోసం లేవవలసిన అవసరం రాదు. పగలు కంటపడిన పెద్ద వ్యాసాలను అప్పటికప్పుడు చదవకుండా ఇ-రీడర్‌కు పంపి రాత్రి చదవడం వల్ల పగటిపూట ఫోన్ వాడకం కూడా తగ్గింది. వెలుతురు గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇ-రీడర్‌లోని దీపం తెర వెనుక నుంచి కంట్లోకి కాకుండా, అంచుల నుంచి పేజీ మీదికి ప్రసరిస్తుంది. వెలుగు చిమ్మే ట్యాబ్లెట్‌లో పడుకునే ముందు చదివినవారికి, అచ్చు పుస్తకం చదివినవారికన్నా నిద్ర పట్టడానికి సుమారు 10 నిమిషాలు ఎక్కువ పట్టిందని 2014లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం తెలిపింది. అందులో పరీక్షించింది ఇ-ఇంక్ తెరను కాదు. అయినా దీపాన్ని బాగా తగ్గించి, వీలుంటే పసుపు ఛాయకు మార్చుకుని చదవడమే నాకు సబబనిపిస్తుంది.

నోట్స్ రాసే ట్యాబ్లెట్ సమావేశాల్లో బాగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే మధ్యలో ఏ నోటిఫికేషనూ వచ్చి దృష్టి మళ్లించదు. చేతిరాత అలవాటు లేనివారికి మాత్రం అది అనవసరమైన ఖర్చు.

కళ్ల అలసట పూర్తిగా పోతుందని ఆశించకండి. దగ్గరి దూరంలో చూపు నిలపడం, రెప్ప వేయడం తగ్గడం ఏ తెర మీదైనా ఉంటాయి, కాబట్టి 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లపాటు చూడాలన్న నేత్రవైద్యుల సూచన ఇక్కడా వర్తిస్తుంది.

మీరు చదివేవి ఎక్కువగా నవలలు, వ్యాసాలు అయితే 6 లేదా 7 అంగుళాల సాధారణ ఇ-రీడర్ చాలు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు అయితే అంత చిన్న తెరలో ప్రతి పేజీనీ అటూ ఇటూ జరుపుకోవలసి వస్తుంది, అందుకు 10 అంగుళాలు అవసరం. రంగుల తెర జోలికి ఇప్పుడే వెళ్లకండి. రంగుల ఇ-ఇంక్ తెరల్లో ఒకటైన కాలీడో 3 రకంలో నలుపు తెలుపు అక్షరాలు అంగుళానికి 300 పిక్సెళ్ల స్పష్టతతో ఉన్నా రంగు బొమ్మలు 150 దగ్గరే ఆగుతాయి, పైనున్న రంగు పొర వల్ల పేజీ కూడా కాస్త మసకబారుతుంది. కొనే ముందు కొన్నాళ్లు ఫోన్‌ను పడకగది బయట ఉంచి, ఆ చోట ఒక అచ్చు పుస్తకాన్ని పెట్టి చూడండి. ఆ ఏర్పాటు మీకు కుదిరితే ఇ-రీడర్ కూడా కుదురుతుంది, కుదరకపోతే ముందు ఫోన్‌కు స్థలం మార్చడం మీద దృష్టి పెట్టి, కొనడాన్ని వాయిదా వేయండి.