పెరట్లో మునగ, నిమ్మ ఆకులను పురుగులు తినేస్తున్నాయి, ఏం చేయాలి?

మీరు నల్గొండలో ఇల్లు అన్నారు, వానలు పడ్డాక మొదలైందన్నారు. రెండు చెట్లకూ మందు ఒకటే కొట్టాలా అంటే, అవసరం లేదు. ఆ పురుగులే వేరు.

మునగ మీదివి బొంత పురుగులు. రాత్రి ఆకు తిని, పగలు మొద్దు మీద గుంపుగా అతుక్కుని ఉంటాయి, దూరం నుంచి బెరడు మీద గోనెపట్టా ముక్క అంటించినట్టు కనిపిస్తుంది. మీ పని సులువయ్యేది అక్కడే. పొద్దున్నే పాత చీపురుతో సర్ఫు నీళ్ల బకెట్లోకి ఊడ్చేయండి. చేతులకు కవర్లు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి; వాటి ఒంటి మీది నూగు తగిలితే దద్దుర్లు, దురద. కొందరు కాగడాతో కాలుస్తారు, ఇంటి గోడ పక్కన ఆ సాహసం వద్దు.

నిమ్మది సీతాకోకచిలుక పిల్ల. చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, అందుకే మనం పట్టించుకోం. పెద్దదయ్యాక పచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి కొమ్ములాంటిది బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది, భయపడకండి, కరవదు. ఒకటి రెండు చెట్లయితే ఏరేయడమే. పక్కన కరివేపాకు ఉంటే అదీ చూడండి, ఆ సీతాకోకచిలుక అక్కడా గుడ్లు పెడుతుంది.

చేతికి అందని కొమ్మలకు లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం కొట్టండి. ఎదిగిన పురుగు మీద ఇది అంతగా పనిచేయదు, చిన్నగా ఉన్నప్పుడే కొట్టాలి. కూర వండుకునే మునగాకు మీద మాత్రం ఘాటు పురుగుమందుల జోలికి పోకండి.