మంద ఎక్కడ పడుకుందో చెప్పకు

అమ్మాయ్,

మన వైపు గొర్రెల కాపరులు ఎండాకాలం మందలతో ఏ దారిన పోతారో వెబ్ మ్యాప్ మీద కదిలేలా చూపిస్తావంటగా, రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. భలే సంతోషమేసింది, ఆ వెంటనే భయమూ వేసింది, అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నా.

పనిముట్ల గురించి నీకు చెప్పేదేముంది. ఉబర్ వాళ్లు 2018లో అందరికీ వదిలిన కెప్లర్ జీఎల్ అనే మ్యాపుల పనిముట్టులో ట్రిప్ లేయర్ ఉంది, వేళలతో సహా ఫైలు ఇస్తే దారి కదులుతుంది. చోట్లు రాసిపెట్టే జియోజేసన్ ఫైల్లో రేఖాంశం ముందు రాయాలి, వెబ్ మ్యాప్ గీసే లీఫ్‌లెట్‌లో అక్షాంశం ముందు. నేను తారుమారు చేస్తే మన ఒంగోలు ఉత్తర ధ్రువం వైపు, స్వాల్‌బార్డ్ పక్క సముద్రంలో తేలింది! జీపీఎస్ ఇచ్చేది ప్రపంచ టైము (యూటీసీ), మన టైము కావాలంటే దానికి ఐదున్నర గంటలు కలుపు, లేకపోతే తెల్లారి 5:30కి లేచిన మంద అర్ధరాత్రి లేచినట్టుంటుంది.

ఇక నీకెప్పుడూ చెప్పని సంగతి. తెలిసిన కాపరి సంచిలో ఒక జీపీఎస్ పెట్టి, పావుగంటకో చుక్క పడేలా మ్యాప్ నెట్‌లో పెట్టేశాను. పేరు తీసేశాను కదా, ఇంకేం టెన్షన్ అనుకున్నా. పేరెవరిక్కావాలి? చుక్క రాత్రంతా ఒకే చేలో ఆగిందంటే అక్కడ మంద కట్టినట్టే. ఆ నెల్లోనే ఒక రాత్రి వ్యాన్ తెచ్చి 14 జీవాల్ని ఎత్తుకెళ్లారు. నా మ్యాప్ చూసే వచ్చారని చెప్పలేను, ఆ దొంగతనాలు ముందూ ఉన్నవే. కానీ ఆ చుక్కలు లోకమంతా చూస్తుందని ఆయనకు నేను చెప్పనేలేదు. పలకరించడానికి వెళ్తే ఆయనే నాకు టీ తెప్పించాడు, గొంతు దిగితే ఒట్టు. మ్యాప్ సంగతి ఆ రోజు కూడా చెప్పలేకపోయాను.

2013లో పదిహేను లక్షల మంది సెల్‌ఫోన్ జాడలు చూసి, నాలుగు చోట్లు, నాలుగు వేళలు తెలిస్తే నూటికి 95 మందిని విడిగా పట్టుకోవచ్చని తేల్చారు. అది చదివాక మళ్లీ ఆ చుక్కలే గుర్తొచ్చాయి. కాబట్టి సీజన్ అయ్యాకే పెట్టు, రాత్రి చుక్కలు తీసెయ్, అక్షాంశ రేఖాంశాల అంకెల్ని దశాంశం తర్వాత రెండింటికే కుదించు, చోటు కిలోమీటరు దాకా మసకబారుతుంది. నువ్వు బద్ధకించి ఇదొక్కటీ వదిలేస్తావేమోనని నా భయం, చిన్నప్పుడు లెక్కలకు ఇలాగే తిట్లు తిన్నావు.

ఎండలో తిరిగేటప్పుడు మజ్జిగ సీసా దగ్గర పెట్టుకో తల్లీ. ఆ కాపరి ఇంకా మందతోనే ఉన్నాడు, ముందు ఆయన్నే కలువు, ఫోన్లో బొమ్మ చూపించి అడుగు. ఆ పాత మ్యాప్ సంగతి మాత్రం ఎత్తకు. అది నేనే వచ్చి చెప్పాలి.

మీ మామ