‘దేవదాసు’ చూసి ఏడవనంత మాత్రాన మనసు రాయి కాదు

ఇంటిల్లిపాదీ ఏడ్చిన ‘దేవదాసు’ (1953) చూసి మీకొక్కరికే కన్ను చెమర్చలేదని బెంగ పడుతున్నారు. ఆ బెంగ అక్కరలేదండీ. పరువు పణంగా పెట్టి రాత్రివేళ తన గదికి వచ్చిన పార్వతికి దేవదాసు అండగా నిలబడలేకపోయాడు. బహుశా అక్కడే మీకు అతని మీద కోపం వచ్చి ఉంటుంది; ఆ కోపం ఉండగా తాగుడు చూసి జాలి ఎలా పుడుతుంది? మొదటిసారి నాకూ అంతే. రెండోసారి అతణ్ణి వదిలేసి, పార్వతిగా నటించిన సావిత్రినే చూస్తూ కూర్చున్నాను. వయసు మళ్లిన జమీందారుకు భార్యై, ఎదిగిన పిల్లలకు తల్లిగా నిలబడిన ఆ ముఖం చూస్తుంటే గొంతు పూడుకుపోయింది. మీరూ ఒకసారి అలా చూడండి. ఒంటరిగానే చూడండి, అందరూ మన ముఖం వైపు చూస్తుంటే వచ్చే కన్నీళ్లూ ఆగిపోతాయి.