మార్చిలో రెడ్ రాక్: ముందు గోడ ఏ దిక్కుకు ఉందో చూడండి

మార్చి రెండో వారంలో లాస్ వేగస్ పక్కన రెడ్ రాక్ కాన్యన్‌లో 5.6 నుంచి 5.8 లోపు (రాక్ క్లైంబింగ్‌లో కష్టాన్ని చెప్పే గ్రేడ్లు ఇవి, అంకె పెరిగేకొద్దీ కష్టం) పొడవాటి రూట్లు ఎక్కొచ్చా అని అడిగారు. ఎక్కొచ్చు. కాకపోతే సిటీ ఫోర్‌కాస్ట్ చూసి "70 డిగ్రీల ఫారెన్‌హీట్ అట, టీషర్టు చాలు" అనుకుంటే దెబ్బ తింటారు. ఊరు ఉన్నది 2,000 అడుగుల ఎత్తులో. లోపలి కాన్యన్లలో చాలా రూట్లు మొదలయ్యేదే 4,000 అడుగుల పైన. ఆ ఎత్తుకే ఏడెనిమిది డిగ్రీలు పోతాయి, ఇక నీడా గాలీ తోడైతే చెప్పక్కర్లేదు.

అందుకే గ్రేడ్ తర్వాత, దిక్కు ముందు. ఓక్ క్రీక్‌లోని సోలార్ స్లాబ్ (5.6) దక్షిణం వైపు తిరిగి ఉంటుంది, రోజంతా ఎండే. జునిపర్ కాన్యన్‌లోని క్రిమ్సన్ క్రిసాలిస్ (5.8)కి పేరు పెద్దదే, కానీ అక్కడ ఎక్కువసేపు నీడ. బిలే దగ్గర, అంటే ఎక్కేవాడి తాడు పట్టుకుని, అరగంట నిలబడితే వేళ్లు కొంకర్లు పోతాయి, ఆ వేళ్లతో నట్ (పగుల్లో ఇరికించే లోహపు ముక్క) ఊడదీయడం నరకం. దాన్ని ఏప్రిల్‌కి వాయిదా వేయండి.

వాన పడితే మాత్రం లెక్క వేరు. మన భువనగిరి గ్రానైట్ పొద్దున తడిసినా కాస్త ఎండ తగిలితే ఎక్కేయొచ్చు. ఇది ఇసుకరాయి. తడిస్తే రేణువుల మధ్య పట్టు సడలుతుంది, పట్టుకున్న అంచు చేతిలోకే ఊడొస్తుంది, క్యామ్ (పగుల్లో విచ్చుకుని పట్టుకునే స్ప్రింగ్ పరికరం) కింద రాయి పిండిలా రాలుతుంది. పైన పొడిగా కనిపించినా లోపల తడి ఉంటుంది. గోడ మొదట్లో నేలను వేలితో రెండు అంగుళాలు తవ్వండి. ఇసుక చల్లగా, ముద్దగా అంటుకుంటే ఆ రోజు ఎక్కొద్దు. కనీసం 24 గంటలు, గట్టి వాన అయితే 72 గంటలు ఆగాలి. "ఇంత దూరం ఫ్లైట్‌లో వచ్చాం కదా" అని ఎక్కేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. విరిగిన హోల్డ్ మళ్లీ మొలవదు.

మార్చి అసలు శత్రువు గాలి, అదీ దిగేటప్పుడు. సోలార్ స్లాబ్‌లో సాయంత్రం నాలుగింటికి జరిగేది సాధారణంగా ఇదే: రెండు 60 మీటర్ల తాళ్లు ముడేసి కిందికి విసురుతారు. గాలి వాటిని పక్కకు ఈడ్చుకెళ్లి ఏ పగుల్లోనో పొదలోనో పడేస్తుంది. ఎలాగో కిందికి చేరి లాగితే సగం వచ్చి ఆగిపోతుంది. పైనున్నవాళ్ల అరుపు వినపడదు, వెనక ఇంకో రెండు క్లైంబర్ల జట్లు క్యూ. అందుకే తాడు విసరకండి. చుట్టలుగా చేసి హార్నెస్‌కి రెండు పక్కలా స్లింగ్‌లలో వేలాడదీసుకుని, దిగుతూ వదులుతూ పోండి. మొదటివాడు దిగాక, రెండోవాడు ఇంకా పైన ఉండగానే ఒక అడుగు లాగి చూడాలి. ముడి కదలకపోతే అంచు కిందికి జరపడానికి అప్పుడింకా పైన మనిషి ఉంటాడు. తాడు కొసలకు వేసిన ముడులు విప్పాకే లాగడం మొదలుపెట్టండి, కుదుపులు లేకుండా ఒకే వేగంతో. ఇరుక్కుంటే, రెండో కొస ఇంకా అందుతుంటే దాన్ని లాగి తాడును వెనక్కి తెచ్చుకోండి. అందకపోతే ఆ ఇరుక్కున్న తాడును నమ్ముకుని పైకి ఎక్కొద్దు.

జిమ్‌లో 5.11 ఎక్కేవాళ్లకి 5.6 అంటే చులకన. కింది గల్లీతో కలిపి సోలార్ స్లాబ్‌లో పది పైచిలుకు పిచ్‌లు (ఒక తాడు పొడవులో ఎక్కే ఒక్కో భాగం). పిచ్‌కి అరగంట వేసుకున్నా ఐదారు గంటలు, పైగా నడక, దిగడం. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుగుతుంది. అంతకుముందు సూర్యాస్తమయం ఆరింటిలోపే, తర్వాత ఏడు దగ్గర. ఆ మార్పు తర్వాతి రోజులే ఎంచుకోండి, పొద్దున మొదటి గంట నడక చీకట్లో అయినా పర్లేదు. మనిషికో హెడ్‌ల్యాంప్, గాలి ఆపే జాకెట్, రెండు లీటర్ల నీళ్లు. నట్స్ ఒక సెట్, మూడంగుళాల వరకు క్యామ్‌లు ఒక సెట్ చాలు, వేలి సైజులవి మాత్రం డబుల్.

కాన్యన్‌లోకి వెళ్లే లూప్ రోడ్డు గేటు పొద్దున ఆరింటికి తెరుస్తారు, మార్చిలో సాయంత్రం ఏడింటికి మూసేస్తారు. ఎనిమిది తర్వాత వెళ్తే టైమ్ రిజర్వేషన్ కావాలి, ఆ లోపు వెళ్తే అక్కర్లేదు. పొడవాటి రూట్లకు లేట్ ఎగ్జిట్ పర్మిట్ (గేటు మూసే టైం దాటాక బయటికి రావడానికి అనుమతి) ముందే తీసుకోండి. లేకపోతే చీకట్లో దిగి వచ్చేసరికి కారు అద్దం మీద టికెట్ ఉంటుంది.