హార్డనర్ జోలికి పోవద్దు నాయనా

నాయనా చిన్నోడా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "మీ కొడుకు కర్నూలు రూములో కూర్చుని ప్లాస్టిక్ కారు చేస్తాడంట బావా. జీతంలో సగం ఆ పెట్టెకే పోసినాడు. మీరన్నా నాలుగు మాటలు చెప్పండి" అంది. నేను తిడతానని ఆమె అనుకుంది. నేను మాత్రం "ఏ స్కేలంట?" అని అడిగాను. ఇరవైనాలుగో వంతు అనీ, ఎర్ర ఫెరారీ ఎఫ్40 అనీ చెప్పింది. ఎంత సంతోషమేసిందో నీకు చెప్పలేను. మన ఇంట్లో నా తర్వాత ఈ పిచ్చి ఇంకెవరికీ రాదనుకున్నాను.

ఆ తర్వాత ఆమె ఇంకో మాట చెప్పింది. కారుకు అద్దంలాంటి మెరుపు రావాలని ఆటో పెయింట్ షాపులో క్లియర్, అంటే రంగు మీద కొట్టే రంగులేని మెరుపు పూత, దాన్ని గట్టిపరచడానికి కలిపే హార్డనర్ కొనబోతున్నావట. ఎయిర్‌బ్రష్‌తో, అంటే ఆ బుల్లి స్ప్రే గన్‌తో, బాత్రూంలో కొడతావట, అక్కడైతే దుమ్ము ఉండదని. ఇంక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే పెద్దనాయనా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. రెండుసార్లు చదువు.

ముందు మామూలు సంగతులు చెప్పేస్తాను. భాగాలను సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టు. భాగాలు అతుక్కుని వచ్చే ఫ్రేమ్ నుంచి భాగాన్ని ఒకేసారి మొదలంటా కత్తిరించకు, కొంచెం దూరంగా ఒక కోత, తర్వాత దగ్గరగా ఇంకో కోత వెయ్యి. అతికించే ముందు ప్రతిదీ ఉత్తగా పెట్టి చూసుకో. క్రోమ్ పూత ఉన్న చోట జిగురు పట్టదు, అతికే చోట పూత గీకేయాలి. అద్దాలకు సూపర్ గ్లూ వాడావంటే దాని ఆవిరికి తెల్లగా మసకబారతాయి, వాటికి ఫెవికాల్ పలచగా రాస్తే చాలు. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

బాడీ దగ్గర మాత్రం తొందరపడొద్దు. అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నటి గీత ఉంటుంది, మడ్‌గార్డుల మీదుగా, పైకప్పు అంచుల వెంట. వెలుతురును పక్క నుంచి పడనిచ్చి చూడు, అప్పుడే కనిపిస్తుంది. దాన్ని తడిపి రుద్దే వాటర్ పేపర్‌తో పూర్తిగా తీసెయ్. తలుపు గీతలను, బానెట్ గీతలను పెయింట్‌కు ముందే కొంచెం లోతు చేసుకో, ఎందుకంటే కోటు కోటుకీ అవి పూడుకుపోతాయి. ప్రైమర్, అంటే రంగు కింది తొలి కోటు, వేశాక మళ్ళీ చూడు. నా అనుభవంలో ప్రైమర్ వేసినాకే దాక్కున్న తప్పులన్నీ బయటికొస్తాయి. ఎరుపు కింద బూడిద రంగు ప్రైమర్ వేస్తే ఎరుపు చచ్చిపోతుంది. తెలుపు గానీ పింక్ గానీ వెయ్యి.

ఇప్పుడు ఒక లెక్క చెబుతాను, జాగ్రత్తగా విను. నిజం కారు మీద ప్రైమర్, రంగు, క్లియర్ అన్నీ కలిపి సుమారు 0.1 మిల్లీమీటరు మందం ఉంటాయి. అదే మందం నీ బుల్లి కారు మీద పడితే, 24తో గుణిస్తే, అసలు కారు మీద దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల పెయింట్ పూసినట్టు. తలుపు అంచులు మొద్దుబారతాయి, గీతలు పూడిపోతాయి, చూసేవాడికి ఎందుకో బొమ్మలా అనిపిస్తుంది. ఎఫ్40 అసలు కారుకే రంగు పలచగా వేశారు, బరువు తగ్గాలని. దగ్గరికెళ్ళి చూస్తే కింద కార్బన్, కెవ్లార్ అల్లిక కనిపిస్తుందని చెబుతారు. అలాంటి కారు మీద నువ్వు హార్డనర్ క్లియర్ మందంగా పోస్తానంటే ఎట్లా రా! పెద్ద కారు మీద మెరుపు మందంతో వస్తుంది. చిన్న కారు మీద రుద్దుడుతో రావాలి.

అందుకే హార్డనర్ అక్కర్లేని దారి చెబుతున్నాను. తమియా అనే మోడల్ కంపెనీ వాళ్ళ టీఎస్ వరస స్ప్రే డబ్బాలు తీసుకో. రంగుకు టీఎస్-8 ఇటాలియన్ రెడ్, మెరుపుకు టీఎస్-13 క్లియర్. ఇవి లాకర్ అనే రకం పెయింట్లు, హార్డనర్ లేకుండా గాలికే ఆరతాయి. పక్కనే పీఎస్ అని ఇంకో వరస ఉంటుంది, డబ్బా చూడ్డానికి ఇంచుమించు అట్లే ఉంటుంది. అది పాలికార్బొనేట్ బాడీలకు, నీ కిట్ ప్లాస్టిక్‌కు పనికిరాదు. ఎనామిల్ రకం పెయింట్ మీద మాత్రం లాకర్ ఎప్పుడూ కొట్టకు, ముడతలు పడుతుంది. డబ్బాను పదిహేను, ఇరవై సెంటీమీటర్ల దూరంలో పట్టు. స్ప్రే బాడీ బయట మొదలై బాడీ బయటే ఆగాలి. పలచగా కోట్లు వేసుకుంటూ పో. కర్నూలు ఎండలో మధ్యాహ్నం కొట్టావంటే రంగు గాల్లోనే ఆరి పొడిపొడిగా పడుతుంది. వానరోజు కొడితే తెల్లబారుతుంది. పొద్దున్నే కొట్టుకో. పూర్తిగా గట్టిపడ్డాక, వారం ఆగినా నష్టం లేదు, రెండు వేల నంబరు వాటర్ పేపర్‌తో తడిగా తేలిగ్గా రుద్ది, పాలిష్ కాంపౌండ్ ముతక నుంచి సన్నానికి పట్టించు. అంచుల మీద మాత్రం రుద్దకు, అక్కడ ఒక్క గీటుకే ప్రైమర్ బయటపడుతుంది.

ఇక హార్డనర్ సంగతి. మీ నాయన నీకు చెప్పి ఉండడు. చెప్పడని నాకు తెలుసు, అందుకే నేను చెప్పాల్సి వస్తోంది.

1990ల్లో నేనూ మీ నాయనా ఇక్కడ బళ్ళారి రోడ్డు పక్కన ఒక పెయింటింగ్ షెడ్డులో పని చేసేవాళ్ళం. అంతకుముందంతా ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) అనే పాతకాలం పెయింట్. కోట్లు ఎక్కువ, రుద్దుడు ఎక్కువ, చేతులు అరిగేవి. అప్పుడు హార్డనర్ కలిపే పెయింట్ వచ్చింది. రెండు కోట్లకే తడిసినట్టు మెరుపు. మీ నాయన దానికి పడిపోయాడు. చెయ్యి నాకన్నా వాడిదే మంచిది, ఇది ఊరికే అనడం కాదు. గన్ పట్టుకుంటే బానెట్ ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకే మందంలో పడేది. ఓనర్లు వాడి పేరు చెప్పి అడిగేవాళ్ళు.

ఆషాఢం గాలులు మొదలైనాయి. అనంతపురంలో ఆ గాలి ఎట్లుంటుందో నీకు తెలుసు, ఇంట్లో అన్నం గిన్నె మీద మూత తీస్తే దుమ్ము పడుతుంది. తడి పెయింట్ మీద దుమ్ము పడిందంటే మళ్ళీ మొదటి నుంచి రుద్దాలి. మీ నాయన ఏం చేశాడంటే, షట్టర్ కిందికి దించి, కింది సందులో తడి గోనెసంచులు కుక్కాడు. ముక్కుకు తడి తువ్వాలు కట్టుకున్నాడు. లోపలికి పోయి ఎర్ర మారుతి 800కు మొత్తం క్లియర్ కొట్టి బయటికొచ్చాడు. ఒక్క దుమ్ము రేణువు లేదు. వాడి మొహంలో ఆ రోజు ఉన్న సంతోషం నాకిప్పటికీ గుర్తు. గాలికాలమంతా అట్లే చేశాడు.

రాత్రిళ్ళు దగ్గు మొదలైంది. ఛాతీ పట్టేసినట్టుంది అనేవాడు. బీడీల వల్ల అని అవ్వ తిట్టేది, మిరియాల పాలు ఇచ్చేది. ఆదివారం బాగానే ఉండేవాడు, సోమవారం రాత్రికి మళ్ళీ దగ్గు. మాకెవరికీ తట్టలేదు. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "సెలవు రోజుల్లో ఎట్లుంటుంది?" అని. వాడు చెప్పింది విని, ఏం పని చేస్తావని అడిగాడు. హార్డనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, నీ ఒంటికి అవి ఒకసారి పడకుండా పోయాయి, ఇక గోరంత తగిలినా ఊపిరితిత్తులు మూసుకుంటాయి, పని మానెయ్ అన్నాడు. తువ్వాలు దుమ్మును ఆపుతుంది గానీ ఆవిరిని ఆపదని అప్పుడే మాకు తెలిసింది. ఆ మందుకు పెద్ద వాసన కూడా ఉండదు. ప్రమాదం మొదలయ్యే లెక్కకు ముక్కుకు ఏమీ తెలియదు. వాసన లేదు కదా, ఏమీ కాదులే అనుకోవడమే మీ నాయన చేసిన తప్పు.

మానేశాడు. కానీ కొన్ని నెలలు గడిచాక ఓనర్ ఒక్క కారుకు సాయం రమ్మన్నాడు. గన్ కూడా పట్టలేదు, వేరేవాళ్ళు కొడుతుంటే గుమ్మం దగ్గర నిలబడి చెబుతున్నాడు, అంతే. ఊపిరి అందలేదు. పెదాలు నల్లబడ్డాయి. ఆటోలో పడుకోబెట్టుకుని, తల నా ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాను. అప్పటికి నువ్వు పుట్టలేదు. బతికాడు, కానీ గన్ మళ్ళీ ముట్టలేదు. అంత మంచి చెయ్యి రా అది! తర్వాత కిరాణా అంగడి పెట్టుకున్నాడు. కారు షెడ్డు కనిపిస్తే మీ నాయన రోడ్డు దాటి అవతలి వైపు నడుస్తాడే, నువ్వు చిన్నప్పుడు ఎందుకని అడిగేవాడివి. ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా.

నువ్వు అంటావు, నేను వాడేది చెంచాడే కదా పెద్దనాయనా అని. మా షెడ్డు ఎంత, నీ బాత్రూం ఎంత? కిటికీ కూడా లేదంట. ఎయిర్‌బ్రష్ తుంపర ఎంత సన్నగా ఉంటే అంత లోపలికి పోతుంది. ఎన్95 మాస్కు పెట్టుకుంటానంటావేమో, అది కూడా దుమ్ముకే. పెయింట్ ఆవిరిని పీల్చుకునే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు లాకర్ స్ప్రేలకు సరిపోతుంది గానీ, హార్డనర్ కొట్టేవాళ్ళకు బయటి నుంచి గొట్టంతో మంచి గాలి అందించే మాస్కు కావాలి. ఇంకొకటి, మీ నాయన నెలనెలా సరుకు కోసం కర్నూలు వచ్చినప్పుడు నీ రూములోనే పడుకుంటాడు. ఆ బాత్రూంలోనే స్నానం చేస్తాడు. గోడకు అంటిన తుంపర ఇంకా పూర్తిగా గట్టిపడకముందే ఆయన వస్తే? రాత్రి పూట, ఆటో దొరకని వేళ? నాకు భయమేస్తోంది నాయనా. ఇంతకన్నా వేరే మాట రావట్లేదు.

టీఎస్ డబ్బాలైనా రూములో కొట్టకు. ఆ గ్యాస్ మండుతుంది, అదే రూములో నీకు స్టవ్ ఉంది. మిద్దె మీద కొట్టుకో. దుమ్ము భయమైతే ఒక అట్టపెట్టె పక్కకు పడుకోబెట్టి దాంట్లో కొట్టు, వెంటనే ఇంకో పెట్టె బోర్లించు. దుమ్ము పడితే రుద్దితే పోతుంది.

సరే, ఇక తిట్టను. నీకు ఇష్టమైన దాని గురించి మాట్లాడుకుందాం.

ఆ కారే ఎందుకు ఎంచుకున్నావో నేను ఊహించగలను. మీ నాయన ట్రంకుపెట్టె మూత లోపల ఆ ఫోటో ఉంది, నువ్వు చిన్నప్పటి నుంచి చూస్తున్నావు. ఎఫ్40 1987లో వచ్చింది, ఫెరారీ కంపెనీకి నలభై ఏళ్ళు నిండినందుకు. ఆ కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీ తన చేతుల మీదుగా బయటికి పంపిన చివరి కారు అది, మరుసటేడు ఆగస్టులో పోయాడు. లోపల కార్పెట్ లేదు. తలుపు తెరవడానికి హ్యాండిల్ బదులు ఒక తీగ ఉంటుంది. ఎర్ర బట్ట సీట్లు, చాలాచోట్ల బోడి కార్బనే. కాబట్టి లోపలంతా నిగనిగలాడించకు, మ్యాట్‌గా ఉంచు. మెరుపు బయటి బాడీకే.

వెనక అద్దం సందుల్లోంచి ఇంజన్ కనిపిస్తుంది, రెండు టర్బోల వి8. నీ ఓపికంతా అక్కడ పెట్టు. ప్లగ్ వైరు అసలు కారులో దాదాపు 7 మిల్లీమీటర్ల లావుంటుంది, నీ స్కేలులో 0.3 కూడా రాదు. పాత ఇయర్‌ఫోన్ వైరు చీల్చి చూడు, సరిపోయే లావు తీగ దొరుకుతుంది. షాపులో అమ్మే లావు వైరు పెట్టావంటే ఇంజన్లో నీళ్ళ పైపు పడుకున్నట్టు కనిపిస్తుంది. సన్న గీతలు వేసేటప్పుడు చెయ్యి వణికితే, ఈసారి ఇక్కడికి వచ్చినప్పుడు ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు పోదాం. తోలుబొమ్మలు చేసేవాళ్ళు కూర్చునే తీరు, చెయ్యి ఆనించే తీరు దగ్గర కూర్చుని చూడు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ళ పని చూస్తే నీకు చాలా విషయాలు తెలుస్తాయి.

డెకాల్స్ (కిట్‌లో వచ్చే అంటించే బొమ్మలు, అక్షరాలు) మీద క్లియర్ కొట్టేటప్పుడు మొదటి కోట్లు మంచులా దూరం నుంచి వెయ్యి. ఒకేసారి తడిగా కొడితే లాకర్ వాటిని తినేస్తుంది.

కార్ట్రిడ్జ్ మాస్కు ఒకటి రేపు ఆర్టీసీ పార్శిల్లో పంపుతున్నాను. కర్నూలు బస్టాండులో తీసుకో. పెట్టుకునే చోట గడ్డం ఉంటే పట్టు సరిగ్గా కూర్చోదు, గీసుకో. హార్డనర్ ఇప్పటికే కొనుంటే మూత తీయకుండా షాపులో వెనక్కి ఇచ్చెయ్. డబ్బులు ఇవ్వకపోతే ఎంతైందో చెప్పు, నేను పంపుతాను. ఈ ఉత్తరం సంగతి మీ నాయనకు చెప్పొద్దు. ప్రైమర్ దాకా నువ్వే చేసుకుని, ఎరుపు కొట్టే వేళకు బాడీ పట్టుకుని శనివారం బస్సెక్కు. మన మిద్దె మీద ఇద్దరం కలిసి కొడదాం. బయలుదేరే ముందు ఫోన్ చెయ్యి, నీకిష్టమని మీ పెద్దమ్మ ఓళిగలు చేస్తానంటోంది.

మీ పెద్దనాయన
అనంతపురం