వర్ణన అంటే విశేషణాలు కూరడమేనా?

సందేహం: సార్ నమస్తే. మాది కావలి. మా పాప తొమ్మిదో తరగతి చదువుతుంది. మొన్న స్కూల్లో సముద్రతీరం మీద వర్ణనాత్మక వ్యాసం రాయమన్నారు. మేం తుమ్మలపెంటకి పోతా వస్తా ఉంటాం కాబట్టి దాని మీదే రాసింది. అందులో "సూర్యుడు సముద్ర గర్భంలోకి జారుకునే ఆ మనోహర దృశ్యం వర్ణనాతీతం" అన్న లైనుకి టిక్కు పడింది, పక్కన గుడ్ అని కూడా ఉంది. "అలివి వల లాగేవాళ్ళు ఇసకలో మడమలు దిగేసి వెనక్కి వెనక్కి నడస్తా ఉండారు" అన్న లైను కిందేమో ఎర్రగీత కొట్టి, మాండలికం వద్దు, విశేషణాలు వాడాలి అని రాశారు. వర్ణన అంటే విశేషణాలేనా సార్? మన వైపు మాటలు వ్యాసంలో రాయకూడదా? అసలు మంచి వర్ణనాత్మక వ్యాసం ఎట్లా రాయాలో కొంచెం చెప్పండి.

సమాధానం: అమ్మా, విశేషణాల సంగతి తర్వాత, ముందు ఆ టిక్కు పడిన లైను చూద్దాం. తుమ్మలపెంటలో సూర్యుడు సముద్రంలోకి ఎట్లా జారతాడు? మనది తూర్పు తీరం కదా, నెల్లూరు ప్రకాశం జిల్లాల్లో మైపాడులో నిలబడినా కొత్తపట్నంలో నిలబడినా పొద్దు పొడిచేది నీళ్ళలోంచి, గుంకేది మన వీపు వెనక, సర్వి తోటల అవతల, తుమ్మలపెంటలో అయితే కావలి టౌను ఉన్న దిక్కున. సముద్రంలో మునిగే సూర్యుడు గోవాలోనో కేరళలోనో ఉంటాడు, లేదా గైడులో ఉంటాడు. పాప గైడు చూసే రాసిందని నేననను, చిన్నప్పట్నుంచి సినిమాల్లోనూ క్యాలెండర్ బొమ్మల్లోనూ చూసిన సముద్రం చేతికి అలవాటైపోయి అదే కాగితం మీద పడిపోతుంది, పెద్దవాళ్ళకీ ఇంతే.

నిజంగా సాయంత్రం మన తీరంలో ఏం జరుగుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వెలుగు వెనకనుంచి పడుతుంది కాబట్టి మన నీడే పొడుగ్గా సాగి ముందుకి, నీళ్ళ దాకా పోతుంది. ఎదురుగా సముద్రం ముందే నల్లబడుతుంది, అల విరిగే చోట తెల్లటి గీత ఒక్కటే చాలాసేపు కనబడుతుంది. పున్నమి నాడైతే వెనక పొద్దు గుంకే వేళకే ముందర నీళ్ళల్లోంచి చందమామ పైకొస్తాడు. ఇవన్నీ పాప చూసే ఉంటుంది, రాయడానికి పనికొస్తాయని ఎవరూ చెప్పలేదంతే.

ఇక ఆ వాక్యంలో మాటలు. "మనోహరం" అంటే మనసుని దోచేది. ఎవరి మనసుని, ఏం చేసి దోచింది? చెప్పదు. రమణీయం, అద్భుతం, అత్యంత సుందరం ఇవన్నీ మన అభిప్రాయాలే గానీ ఎదుట ఉన్న వస్తువు గురించిన కబుర్లు కావు, అవే మాటలు తీసుకుపోయి ఉదయగిరి కోటకి తగిలించినా, వెంకటగిరి చీరకి తగిలించినా చక్కగా అతుక్కుంటాయి. దేనికైనా అతికే మాట దేన్నీ చూపించలేదు. అన్నిటికన్నా నాకు నవ్వొచ్చేది "వర్ణనాతీతం". వర్ణించమని పేపర్ ఇస్తే ఇది వర్ణించడానికి కుదరదు అని రాసి పేపర్ తిరిగివ్వడం కదా అది, దానికి మార్కులెట్లా వేస్తారో నాకు అర్థం కాదు.

ఈ తగాదా ఇవ్వాళ్టిది కాదు లెండి. ఇంచుమించు 1300 ఏళ్ళ కిందటే సంస్కృత అలంకారికులు సరిగ్గా ఇట్లాంటి వాక్యం మీదే వాదించుకున్నారు. "సూర్యుడు అస్తమించాడు, చంద్రుడు వెలుగుతున్నాడు, పక్షులు గూళ్ళకి పోతున్నాయి" అని ఉంటే భామహుడు, ఇదేం కావ్యం, ఇది వట్టి వార్త అన్నాడు. దండి అదే వాక్యాన్ని తీసుకుని, వేళ ఎంతయిందో తెలియజెయ్యడానికైతే ఇదీ మంచిదే అన్నాడు. అంతే కాదు, ఉన్నదాన్ని ఉన్నట్టు కళ్ళకి కట్టించే స్వభావోక్తిని అర్థాలంకారాల్లో మొట్టమొదట పెట్టాడు. హైస్కూల్లో అలంకారాలు చెప్పేటప్పుడు ఈ స్వభావోక్తి కూడా చెప్తారు, జింకలు బిత్తర చూపులు చూస్తూ చెవులు నిక్కబొడుచుకుని చెంగుచెంగున గెంతుతున్నాయి అనే లాంటి ఉదాహరణ ఒకటి ఇస్తారు. అందులో అందమైన జింకలు అని ఉండదు చూడండి. చూపు, చెవి, గెంతు, ఈ మూడే. జింక వచ్చి నిలబడుతుంది. అలంకారాల పాఠంలో దీనికి మార్కులిచ్చి వ్యాసంలో మాత్రం విశేషణాలు కావాలనడం ఏం న్యాయమో. నా మటుకు నేను దండి వైపే, అయితే భామహుడి మాటలోనూ కొంత పస ఉంది, ఎవరైనా చెప్పగలిగిందే చెప్తే అది వార్తే. ఇసకలో మడమలు దిగేసి వెనక్కి నడవడం మాత్రం దగ్గర నిలబడి చూసినవాళ్ళే చెప్పగలరు.

అట్లాగని విశేషణాలు అసలే వద్దని కాదు. తెలుగు వాక్యంలో వాటితో ఒక ఇబ్బంది ఉంది, అది తెలుసుకుని వాడాలి. మనకి విశేషణం ఎప్పుడూ నామవాచకానికి ముందే వస్తుంది, అంతేకాదు, ఎగిరే, పడే, మెరిసే అంటూ క్రియల్లోంచి చేసే విశేషణాలు కూడా ముందే వచ్చి కూచుంటాయి. "నీలాకాశంలో తేలియాడే తెల్లని మబ్బుల కింద ఎగసిపడే నురగల అలలతో అలరారే విశాలమైన సముద్రం మా ఊరికి దగ్గరలో ఉంది" అని రాస్తారు పిల్లలు. సముద్రం అన్న మాట వచ్చేదాకా చదివేవాడికి తను దేన్ని ఊహించుకోవాలో తెలియదు, మబ్బులా, అలలా, ఆకాశమా? అది వచ్చేసరికి ముందు చెప్పినవి మర్చిపోతాడు. పైగా అన్ని మాటలు ఖర్చుపెట్టి చివరికి చెప్పిందేమిటయ్యా అంటే "ఉంది".

దీన్ని విప్పి చూడండి. "మా ఊరికి దగ్గర్లోనే సముద్రం. పైన మబ్బులు తెల్లగా, కదలకుండా. కింద అలలు మాత్రం ఒకటి విరిగేలోపు ఇంకోటి." సముద్రం ముందే వచ్చేసింది, ఆ తర్వాత ఒక్కొక్కటే దాని చుట్టూ చేరాయి. "తెల్లని" కాస్తా "తెల్లగా" అయ్యి మబ్బుల వెనక్కి వెళ్ళింది. ముందున్నప్పుడు అది మబ్బులకి ఎప్పుడూ ఉండే బిరుదులాగా ఉంటుంది, వెనక్కి వెళితే ఈ పూట నేను చూసినప్పుడు తెల్లగా ఉన్నాయి అని అర్థమొస్తుంది. ఒకటి రెండు వాక్యాల్లో క్రియ లేకపోయినా తెలుగుకి వచ్చిన లోటేమీ లేదు, మనం మాట్లాడేది అట్లాగే కదా, నీళ్ళు ఉప్పన, గాలి చల్లన.

దీంతోనే ఇంకో జబ్బు కూడా కుదురుతుంది. సముద్రం పెద్దగా ఉంటుంది, ఇసుక మెత్తగా ఉంటుంది, గాలి చల్లగా ఉంటుంది, అక్కడ పడవలు ఉంటాయి. మన భాషలో క్రియ చివర్న వస్తుంది కాబట్టి ప్రతి వాక్యం చివరా అదే చప్పుడు, రైలు పట్టాల మీద చక్రాల్లాగా, నాలుగు లైన్లకే నిద్రొస్తుంది. ఉండటం తప్ప అది ఇంకేం చేస్తుందో చూడమనండి. ఇసుక మధ్యాహ్నం అరికాళ్ళు కాలుస్తుంది. తడి ఇసుక మీద అడుగు వేసి తీస్తే గుంటలోకి నెమ్మదిగా నీరు ఊరుతుంది. పడవ ఒడ్డున బోర్లించి ఉంటే దాని నీడలో ఎవరో వల బాగుచేసుకుంటూ ఉంటారు. ఉంటుంది అన్న ప్రతి చోటా వేరే క్రియ పెట్టాలని కాదు, సగం చోట్ల దొరికినా వ్యాసం లేచి కూర్చుంటుంది.

ఇక వేళ. పిల్లల వ్యాసాల్లో తీరం పొద్దున్నా సాయంత్రమా తెలియదు, సూర్యోదయం, సూర్యాస్తమయం, వెన్నెల అన్నీ ఒకే పేరాలో వచ్చేస్తాయి. ఒక పూట పట్టుకోవాలి. మన భారతంలో నన్నయ అరణ్యపర్వంలో శరత్కాలపు రాత్రుల్ని వర్ణించి అక్కడ ఆగిపోయాడు. ఆ తర్వాత మన అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎర్రన ఆ మిగిలిన భాగం పూర్తి చెయ్యడానికి పూనుకుని, అదే శరత్తుని తీసుకున్నాడు గానీ రాత్రి కాదు, ఉదయాన్ని. రుతువు ఒక్కటే, వేళ మారేసరికి వర్ణన మొత్తం మారిపోయింది. ఆయన్ని ప్రబంధ పరమేశ్వరుడు అన్నది ఊరికే కాదు. పాపకి కూడా ఆదివారం పొద్దున ఏడింటికి తుమ్మలపెంట అని ఒక గీత గీసుకోమనండి, నవంబరు వాన మబ్బు పట్టిన రోజైతే అదీ రాయమనండి, మనకి వానలు ఎక్కువగా పడేవి ఈశాన్య రుతుపవనాలప్పుడే కాబట్టి ఆ రోజుల సముద్రం ఎండాకాలం సముద్రంలా ఉండదు, రంగే వేరు.

ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది తర్వాత ఏది అన్నది పిల్లలకి పెద్ద సమస్య. అలివి వల సంగతి రాసింది కాబట్టి పాపకి ఆ కష్టం కూడా లేదు, అందులోనే వరస ఉంది. తాడు కొస ఒకటి ఒడ్డున ఉంచుకుని పడవలో లోపలికి పోతారు, వలని అర్ధచంద్రంలాగా వదులుకుంటూ తిరిగొచ్చి రెండో కొసని దూరంగా ఇంకోచోట ఒడ్డుకి చేరుస్తారు. తర్వాత రెండు జట్లు, రెండు తాళ్ళు. లాగేకొద్దీ వల దగ్గరికొస్తుంది, వల దగ్గరికొచ్చేకొద్దీ రెండు జట్లూ ఒకదానివైపు ఒకటి జరుగుతూ వస్తాయి. మొదట్లో వాళ్ళు నిమ్మళంగా ఉంటారు, కబుర్లు కూడా చెప్పుకుంటారు. వల ఒడ్డుకి చేరే ముందర అరుపులు, పరుగులు, కాకులు పైన తిరగడం, తట్టలు పట్టుకున్న ఆడవాళ్ళు నీళ్ళ అంచుదాకా రావడం, కుక్కలు. ఆఖర్న వల మూటలో నెత్తళ్ళు తెల్లగా ఎగిరెగిరి పడటం. పాప చెయ్యాల్సిందల్లా తాడు వెంబడి కన్నుని నడిపించడమే, దూరం నుంచి దగ్గరికి, నెమ్మది నుంచి హడావిడికి. ఇంత వరస ఉన్న విషయం చేతిలో పెట్టుకుని, అలలు, కొబ్బరిచెట్లు, పడవలు, పిల్లలు అని తలా ఒక లైను రాస్తే ఎట్లా చెప్పండి. తీరంలో ఉన్నవన్నీ రాయనక్కర్లేదు, ఈ వల ఒక్కటి రాస్తే తీరం దానంతటదే వచ్చేస్తుంది.

చప్పుళ్ళ దగ్గర కొంచెం జాగ్రత్త. తెలుగులో అనుకరణ పదాలు బోలెడు కాబట్టి చెయ్యి ఊరికే పోతుంది, గలగల, జలజల, కిలకిల. సముద్రం గలగలమనదమ్మా, అది పిల్లకాలవ. సముద్రానిది హోరు, దగ్గరికి పోతే అల ధబ్బున విరిగి సర్రున వెనక్కి పోతుంది, చెవి పెట్టి విన్నదే రాయాలి. వాసన అసలే రాయరు పిల్లలు. ఎండుచేపల వాసన రాస్తే వ్యాసం అందం పోతుందని భయం. పోదు, మన తీరం అని తెలిసేదే దానితో.

మాండలికం సంగతికొద్దాం. ఇక్కడ టీచరు గారి మాట పూర్తిగా కొట్టిపారేయను. పరీక్షల్లో అడిగేది పత్రికల్లో పుస్తకాల్లో వాడే వాడుక తెలుగు, కాబట్టి "నడస్తా ఉండారు" బదులు "నడుస్తూ ఉన్నారు", ఇసక బదులు ఇసుక అని రాయమనడం సబబే. గీత ఆ రెండు మాటల కింద కొడితే సరిపోయేది, లైనంతా కొట్టారు, అక్కడొచ్చింది పేచీ. క్రియ చివర ఉండే రూపం వేరు, వస్తువు పేరు వేరు. అలివి వల పేరు మార్చి "పెద్ద వల" అంటే అబద్ధం, అది వలల్లో ఒక రకం. సర్వి తోటని సరుగుడు తోట అన్నా పర్లేదు గానీ వృక్షసముదాయం అంటే అక్కడ ఏ చెట్టూ కనబడదు. పొలం గురించి రాసేటప్పుడు మన కయ్యని కయ్య అనే రాయొచ్చు, శ్రీకాకుళం పిల్లవాడికి అర్థం కాదనుకుంటే "వరి కయ్య గట్టు మీద" అంటే చాలు, వాక్యమే చెప్పేస్తుంది, బ్రాకెట్లూ అర్థాలూ అక్కర్లేదు. ఇక మనుషుల మాట. వల లాగేవాళ్ళ అరుపు రాస్తే అది వాళ్ళ నోటివెంట వచ్చినట్టే ఉండాలి, "లాగండ్రా అబ్బయ్యా" అనేవాడి చేత "లాగండి మిత్రులారా" అనిపిస్తే వాడు నాటకం వేస్తున్నట్టుంటుంది. పాత్ర చేత మాట్లాడించడంలో పేరుపడ్డ తిక్కన ఉన్నది మన నెల్లూరులోనే కదా, ఆ ఊరి పక్క పిల్లలకి ఇది కష్టం కాకూడదు. కాబట్టి ఆ రెండు రూపాలు దిద్దుకుని పాప తన లైను తను ఉంచుకోవచ్చు, టీచరు గారిని కూడా ఈ తేడా అడిగి చూడండి, చాలామంది చెప్తే ఒప్పుకుంటారు.

పరీక్ష కోసం ఇంకో రెండు మాటలు. ఉపోద్ఘాతం అనగానే "సముద్రం అనగా ఉప్పునీటి రాశి, భూమి మీద దాదాపు 71 శాతం నీరే" అని మొదలుపెడతారు, అది వివరణాత్మక వ్యాసానికి సరే, దీనికి వద్దు. వర్ణనకి ఉపోద్ఘాతం అంటే ఎక్కడ నిలబడ్డానో ఏ వేళో చెప్పడమే, రెండు వాక్యాలు చాలు. ఉపమానాలు వస్తే రానివ్వండి, రాకపోతే తేవద్దు. ముగింపులో "కావున మనమందరం సముద్రతీరాన్ని పరిశుభ్రంగా ఉంచుకోవాలి" అని రాయడం ఒక ఆచారమైపోయింది, పరిశుభ్రత మంచిదే గానీ దానికి వేరే వ్యాసం ఉంది. ముగింపు అనే హెడ్డింగు లేకపోతే మార్కు పోతుందని భయముంటే హెడ్డింగు పెట్టమనండి, దాని కింద వల దులిపి తాళ్ళు చుట్టుకుని వాళ్ళు వెళ్ళడం రెండు లైన్లలో రాస్తే అయిపోతుంది.