ఎమ్మారైలో మచ్చ కనబడింది కదా, మళ్లీ వీడియో ఈఈజీ ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అబ్బాయికి 19 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ ఫిట్స్. మూడు రకాల మందులు వాడినా నెలకు రెండు మూడుసార్లు వస్తూనే ఉన్నాయి. ఎమ్మారైలో మెదడు ఎడమవైపు టెంపోరల్ (కణత దగ్గరి) భాగంలో మచ్చ ఉందని, ఆపరేషన్‌కు అవకాశం ఉందని అన్నారు. ఇప్పుడేమో ఆసుపత్రిలో ఉంచి, మందులు తగ్గించి, ఫిట్స్ రప్పించి వీడియో ఈఈజీ తీస్తారట. తర్వాత పెట్ స్కాన్ కూడా అట. మచ్చ కనబడుతూనే ఉంది కదా, ఇదంతా దేనికి? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అమ్మా, ఫిట్స్ తగ్గించాల్సినవాళ్లే రప్పిస్తామంటే ఏ తల్లికైనా కాళ్లూ చేతులూ ఆడవు. కానీ ఆ డాక్టర్లు అడిగింది సబబే. ఎమ్మారై మచ్చను చూపిస్తుంది, ఫిట్స్ అక్కడే పుడుతున్నాయని మాత్రం చెప్పలేదు. మచ్చ ఒకచోట, ఫిట్స్ పుట్టేది మరోచోట ఉన్నవాళ్లూ ఉంటారు. ఈఈజీ అయితే తలపై అతికించిన తీగలతో మెదడులోని కరెంటును సెకనులో వెయ్యో వంతు దాకా పట్టుకుంటుంది. కాకపోతే పుర్రె దాటి వచ్చేసరికి ఆ సంకేతం చెదిరిపోతుంది, లోతు నుంచి వచ్చేది ఒక్కోసారి అసలు అందదు. అందుకే రెండూ కావాలి. తీసేసిన భాగాన్ని మళ్లీ పెట్టలేం కదమ్మా.

ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఈఈజీతో పాటే వీడియో కూడా తీస్తారు. అందులో అన్నిటికన్నా విలువైనవి ఫిట్ మొదలైన తొలి క్షణాలు. కుడిచేయి బిగుసుకుపోయి, ఎడమచేయి దుప్పటిని నలుపుతోందనుకోండి, ఎడమ టెంపోరల్ మీద మాకు అనుమానం బలపడుతుంది. తేరుకున్నాక కాసేపు మాట తడబడితే ఇంకాస్త బలపడుతుంది. కాబట్టి ఫిట్ రాగానే సిబ్బందిని పిలిచే బటన్ నొక్కి, దుప్పటి లాగేసి, పక్కకు జరగండి. కన్నపేగు ఆగదు, తల్లులు బిడ్డ మీదికి వంగిపోతారు. అప్పుడు వీడియోలో మాకు తల్లి వీపే కనిపిస్తుంది. భయపడకండి, చేతికి సూది పెట్టి, ఫిట్‌ను ఆపే ఇంజెక్షన్ దగ్గరే ఉంచుకుంటారు.

పెట్ స్కాన్ సంగతి వేరు. ఫిట్ లేని సమయంలో, జబ్బున్న చోట మెదడు గ్లూకోజును తక్కువగా వాడుకుంటుంది. ఆ చోటు మచ్చతోనూ ఈఈజీతోనూ కలిస్తే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. చాలామందికి మాటను నడిపేది మెదడు ఎడమవైపే కాబట్టి మాట, జ్ఞాపకశక్తి పరీక్షలు కూడా తప్పవు.

మూడూ కలవకపోతే? పుర్రెకు చిన్న రంధ్రాలు చేసి, సన్నటి ఎలక్ట్రోడ్లను లోపలికి పంపి అక్కడే రికార్డు చేస్తారు. దీన్ని ప్యారిస్‌లో తలైరాక్, బాంకో అనే వైద్యులు 1950ల చివర్లో మొదలుపెట్టారు. ఇప్పుడు ఎలక్ట్రోడ్లు పెట్టాక సీటీ తీసి ఎమ్మారై మీద కలుపుతారు. ఏ సంకేతం మెదడులో ఎక్కడి నుంచి వస్తోందో అలా తెలుస్తుంది. అందరికీ ఇది అవసరం రాదు.

2001లో కెనడా వైద్యులు టెంపోరల్ భాగపు ఫిట్స్ ఉన్న 80 మందిపై చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. స్పృహ తప్పే ఫిట్స్ ఏడాది తర్వాత పూర్తిగా ఆగినవాళ్లు ఆపరేషన్ వర్గంలో 58 శాతం, మందుల వర్గంలో 8 శాతం. అందుకే ఈ పరీక్షలకు వెనకాడవద్దంటున్నాను.

వెళ్లేటప్పుడు ఎమ్మారై రిపోర్టు ఒక్కటే కాదు, సీడీ కూడా పట్టుకెళ్లండి. ఫిట్ వచ్చినప్పుడు ఫోన్లో తీసిన వీడియో ఉంటే అదీ చూపించండి. ఇంట్లో మాత్రం మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా తగ్గించకండి.